అమ్మాయితో గర్భనిరోధకాల గురించి మాట్లాడేదెలా?

[దృశ్యం: వంటగది. తల్లి గిన్నెలు తుడుస్తోంది. పదిహేనేళ్ల కూతురు ఫోన్ చూస్తూ, తలెత్తకుండానే అడుగుతుంది.]

కూతురు: అమ్మా, ఆ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరట కదా?

తల్లి: (చెయ్యి ఆగిపోతుంది) ఎందుకడుగుతున్నావ్? ఎవరు చెప్పారు నీకివన్నీ?

కూతురు: ఏం లేదులే. క్లాసులో ఎవరో అంటుంటే విన్నా.

[గదిలోకి వెళ్లిపోతుంది.]

వాయిస్: అమ్మాయి అడిగింది మాత్రల గురించి. అమ్మకు వినబడింది ఇంకేదో. నిజానికి జవాబు రెండు ముక్కలే: "పుడతారు. మాత్రలు మానేస్తే మళ్లీ గర్భం వస్తుంది." గర్భనిరోధక ఇంజెక్షన్ వాడినవాళ్లకు మాత్రం కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు.

మొదటి ప్రశ్నకు మీ ముఖం ఎలా మారిందో చూసుకునే, రెండోది అడగాలో వద్దో పిల్లలు తేల్చుకుంటారు. అడగడం మానేస్తే ఏమవుతుందో చూద్దాం.

[స్క్రీన్‌పై గడియారం. అక్షరాలు: 72 గంటలు]

వాయిస్: కండోమ్ చిరిగినా, ఏ జాగ్రత్తా లేకుండా కలిసినా వాడే ఎమర్జెన్సీ మాత్ర ఒకటుంది. పేరు లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు, ఎందుకంటే అండం విడుదలను వాయిదా వేయడమే దాని పని. అండం అప్పటికే విడుదలైపోతే అది చేయగలిగింది పెద్దగా ఉండదు. ఇది అబార్షన్ మాత్ర కాదు, నిలిచిన గర్భాన్ని ఏమీ చేయదు. ఇది కాక, 5 రోజుల్లోపు డాక్టర్ గర్భసంచిలో కాపర్ టీ అనే చిన్న సాధనం వేసినా గర్భం రాకుండా ఆపవచ్చు. మాత్ర కన్నా అది నమ్మకం.

ఇప్పుడు లెక్క వేయండి. శనివారం రాత్రి పొరపాటు జరిగింది. ఆదివారం అంతా "ఇంట్లో తెలిస్తే చంపేస్తారు" అని ఏడుపు. సోమవారం స్నేహితురాలి సలహా. మంగళవారం ఇంటర్నెట్‌లో వెతుకులాట. ఆ రాత్రికి 72 గంటలు పూర్తి. మాత్ర దొరక్క కాదు, ఇంట్లో నోరు పెగలక.

[దృశ్యం: తండ్రి కెమెరా వైపు చూస్తూ]

తండ్రి: ఇవన్నీ చెబితే మనమే లైసెన్స్ ఇచ్చినట్టు కాదా?

వాయిస్: ఈ అనుమానం చాలామందికి ఉంటుంది. వివిధ దేశాల అధ్యయనాలు పరిశీలించి యునెస్కో 2018లో మార్గదర్శకాలు విడుదల చేసింది. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడి లైంగిక జీవితం మొదలుపెట్టరని అందులో స్పష్టంగా ఉంది. అలాగని మీ అభిప్రాయం దాచుకోనక్కర్లేదు. "ఈ వయసులో వద్దనే నేనంటాను. అయినా ఏదైనా జరిగితే మొదటి ఫోన్ నాకే చెయ్యి, తిట్టను" అనండి. అనడం తేలికే, ఆ ఫోన్ నిజంగా వచ్చిన రోజు తిట్టకుండా ఉండటమే కష్టం.

[స్క్రీన్‌పై: ఏడాదిలో 100 మందిలో ఎంతమందికి గర్భం వస్తుంది? సాధారణ వాడకంలో, సుమారుగా. కండోమ్ 13. రోజూ మాత్రలు 7. చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ 1 కన్నా తక్కువ.]

వాయిస్: మాత్రలకూ ఇంప్లాంట్‌కూ మధ్య ఉన్న తేడా చాలావరకు మతిమరుపుదే. రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవాలి కదా! అయితే హెచ్‌ఐవీ వంటి ఇన్ఫెక్షన్లను మాత్రలు, ఇంప్లాంట్, కాపర్ టీ ఏవీ ఆపవు. దానికి కండోమే కావాలి. ఒకదాని మీద ఒకటి రెండు వేస్తే ఎక్కువ రక్షణ అనుకుంటారు కొందరు, అవి రాసుకుని చిరుగుతాయి. నూనె రాసినా రబ్బరు పాడవుతుంది. "పీరియడ్స్ అప్పుడైతే ఏం కాదు" అన్నదీ గ్యారంటీ లేని మాటే, వీర్యకణాలు లోపల 5 రోజుల వరకు బతకగలవు, ఈలోపు అండం విడుదల కావచ్చు.

అన్నట్టు, పీరియడ్స్ నొప్పికి, మొటిమలకు కూడా డాక్టర్లు రోజూ వేసుకునే ఈ మాత్రలు రాస్తారు. బ్యాగులో షీట్ కనబడగానే ఇంట్లో కోర్టు పెట్టకండి.

నాన్నలు కూడా "అమ్మనడుగు" అని తప్పించుకోవద్దు. "కండోమ్ వద్దని బతిమాలేవాడైనా, బెదిరించేవాడైనా నీ మంచి చూడటం లేదమ్మా. నీకు ఇష్టం లేకపోతే వద్దనడానికి కారణం చెప్పక్కర్లేదు" అన్న మాట నాన్న నోట వస్తే దాని బరువే వేరు. ఎదురుగా కూర్చోబెట్టి క్లాసు పీకకండి. పక్కపక్కన నడుస్తూనో, బండిలో వెళ్తూనో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, మిగతాది ఇంకో రోజు.

[దృశ్యం: ఆసుపత్రి గది]

వాయిస్: మాత్రలు మొదలుపెట్టాలంటే డాక్టర్‌ని కలవాలి. కళ్ల ముందు మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర, సిగరెట్ అలవాటు ఉంటే దాచకుండా చెప్పాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ అనే మందు ఈ గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది, అది వాడుతుంటే అదీ చెప్పాలి. అమ్మాయి మీ ముందు చెప్పలేనివి కొన్ని ఉంటాయి కాబట్టి కాసేపు మీరు బయట కూర్చోండి. ఇంటికొచ్చే దారి పొడుగునా "డాక్టరమ్మ ఏమడిగింది, నువ్వేం చెప్పావు?" అని మాత్రం ఆరా తీయకండి.