ఆర్‌ఎక్స్ 100 అభిమానులు అడగవలసింది

శ్రోతలకు నమస్కారం.

2025 నవంబరులో యమహా సంస్థ మన దేశంలో ఎక్స్‌ఎస్‌ఆర్ 155 అనే మోటారు సైకిలును విడుదల చేసింది. గుండ్రటి హెడ్‌లైటు, నున్నటి ట్యాంకు, చదునైన పొడుగాటి సీటు. విడుదలైనప్పుడు షోరూము ధర దాదాపు లక్షా యాభై వేల రూపాయలు. బండ్ల మీద పెద్దగా ఆసక్తి లేనివారికి ఇది మామూలు వ్యాపార వార్తే. యమహా అభిమానులకు మాత్రం అది పండుగ. ఎందుకంటే ఈ బండి థాయిలాండులో 2019లోనే రోడ్డెక్కింది. అప్పటి నుంచి మనవాళ్లు దాన్ని అడుగుతూనే ఉన్నారు. పైగా అందులో ఉన్నది మన దగ్గర ఆర్ 15, ఎంటీ 15 బండ్లకు వాడుతున్న 155 సీసీ ఇంజనే. ఇంజను ఇక్కడ ఉంది, కొంటామనేవాళ్లు ఇక్కడ ఉన్నారు, బండి మాత్రం ఆరేళ్లు పరాయి దేశాల్లో తిరిగింది. చివరికి వచ్చింది.

అడిగితే వస్తుందని దీనితో తేలింది. ఆలస్యం కావచ్చు, కానీ కంపెనీలు వింటాయి. అందుకే ఏం అడుగుతున్నామో ఒకసారి నింపాదిగా ఆలోచించుకోవాలి. యమహా అభిమానుల కోరికలన్నింటిలోకీ పెద్దది, పాతది ఒకటుంది. అది నెరవేరదు. అయినా దాని లోపల నెరవేరగల కోరిక ఇంకొకటి దాగి ఉంది. ఈ రోజు ఆ రెండింటి గురించి మాట్లాడతాను.

ఆ పెద్ద కోరిక ఏమిటో చాలామంది ఇప్పటికే ఊహించి ఉంటారు. ఆర్‌ఎక్స్ 100 మళ్లీ రావాలి.

1980ల నడిమి కాలం గుర్తున్నవారికి ఆ బండి ఎందుకంత ముద్ర వేసిందో చెప్పనక్కరలేదు. అప్పటిదాకా మోటారు సైకిలంటే బుల్లెట్, రాజ్‌దూత్, జావా, ఆ తరువాత వచ్చిన ఎజ్డీ. అన్నీ గట్టి బండ్లే, కానీ బరువైనవి. రెండు మూడేళ్ల వ్యవధిలో జపాను కంపెనీలు మన సంస్థలతో చేతులు కలిపి 100 సీసీ బండ్లు తెచ్చాయి. ఇండ్ సుజుకి వచ్చింది, హీరో హోండా సీడీ 100 వచ్చింది, కవాసాకి బజాజ్ వచ్చింది. ఎస్కార్ట్స్ సంస్థ 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 తెచ్చింది. లీటరు పెట్రోలుకు ఎక్కువ దూరం వెళ్లాలనుకున్నవారు సీడీ 100 వైపు వెళ్లారు. యాక్సిలరేటరు తిప్పగానే బండి ముందుకు దూకాలనుకున్నవారు ఆర్‌ఎక్స్ వైపు వచ్చారు. 98 సీసీ ఇంజను, 11 హార్స్‌పవర్, బరువు సుమారు 100 కిలోలు. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరకే వస్తాను.

1996లో దాని తయారీ ఆగిపోయింది. దాదాపు మూడు దశాబ్దాలు గడిచినా మన ఊళ్లలో అది కనబడుతూనే ఉంది. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, హరిత పన్ను కట్టాలి, ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లాలి. అవన్నీ చేయించి మరీ ఉంచుకుంటున్నారు. ట్యాంకుకు కొత్త రంగు, బోరుకు కొత్త పిస్టను, పాత నమూనాలోనే స్టిక్కర్లు. తొలి రోజుల్లో జపాను నుంచి వచ్చిన భాగాలతో బిగించిన బండి ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని చూడడానికే మనుషులు వెళతారు. ఆ బండి కొన్ననాటికి పుట్టని కుర్రవాళ్లు కూడా దాని శబ్దాన్ని వీధి మలుపు నుంచే గుర్తుపడతారు.

ఆ శబ్దం దగ్గరే అసలు చిక్కు ఉంది. కొంచెం ఓపికగా వింటే అది ఎలా పుడుతుందో చెబుతాను.

ఈ రోజు మనం కొత్తగా కొనే పెట్రోలు బండ్లన్నీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్లవి. అందులో పిస్టను రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదిలితే ఒక్కసారి పెట్రోలు మండుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టను ఒకసారి పైకెళ్లి కిందికి వస్తే చాలు, ఒకసారి మండుతుంది. అంటే పిస్టను తిప్పే ఇరుసు, క్రాంక్, తిరిగిన ప్రతిసారీ శక్తి పుడుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో పైభాగాన తెరుచుకుని మూసుకునే వాల్వులు ఇందులో ఉండవు. సిలిండరు గోడలోనే రంధ్రాలుంటాయి, పిస్టను కదలికే వాటిని తెరుస్తుంది, మూస్తుంది. అందుకే ఇంజను చిన్నది, తేలికది, విప్పడం సులువు, బిగించడం సులువు.

ఇక సైలెన్సరు. టూ స్ట్రోక్ బండి సైలెన్సరు లోపల ఒకచోట వెడల్పవుతుంది, తరువాత మళ్లీ సన్నబడుతుంది. బావిలోకి కేక వేస్తే తిరిగి పైకి వచ్చినట్టు, ఇంజనులోంచి వెళ్లిన ఒత్తిడి అల అక్కడ తగిలి వెనక్కి వస్తుంది. బయటికి జారిపోబోతున్న తాజా పెట్రోలు, గాలి మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. ఆ నెట్టడం సరైన వేగంలో కుదిరినప్పుడు బండి ఒక్కసారిగా పుంజుకుంటుంది. అభిమానులు పికప్ అని మురిసిపోయేది ఆ క్షణాన్నే. కాబట్టి ఆర్‌ఎక్స్ శబ్దం అలంకారం కోసం తగిలించినది కాదు. ఇంజను పనిచేసే తీరే మనకు అలా వినబడుతుంది.

అయితే వెనక్కి నెట్టినా కొంత మిశ్రమం మండకుండానే పొగగొట్టం దారి పడుతుంది. పైగా ఈ ఇంజనులో ఆయిలు కూడా పెట్రోలుతో పాటే మండుతుంది. వెనక కనబడే నీలిపొగ అదే. మన దేశంలో వాహనాల పొగ మీద ఆంక్షలు 1990లలో మొదలయ్యాయి, 1996లో బిగిశాయి, 2000లో ఇంకా బిగిశాయి. 2017లో బీఎస్ 4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ ప్రమాణాలు వచ్చాయి. పాతపద్ధతి కార్బురేటరు, ఆయిలు పంపుతో నడిచే టూ స్ట్రోక్ బండి ఈ పరీక్షల్లో నెగ్గదు. యమహా ఇప్పటికీ వైజెడ్ 125 వంటి టూ స్ట్రోక్ బండ్లు తయారుచేస్తోంది కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ అవి మట్టి ట్రాకుల మీద పోటీలకు వాడేవి, రోడ్డు మీదికి వచ్చేవి కావు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. బండి మీద ఎంత ప్రేమ ఉన్నా ఈ విషయంలో నేను చట్టం పక్షమే.

ఇండియా యమహాకు నాయకత్వం వహించిన ఐషిన్ చిహానా ఈ కోరిక గురించి బహిరంగంగానే మాట్లాడారు. ఆర్‌ఎక్స్ 100 అనే పేరును తేలిగ్గా ఇంకో బండికి పెట్టబోమన్నారు. ఫోర్ స్ట్రోక్‌లో ఆ అనుభూతి ఇవ్వాలంటే కనీసం 200 సీసీ ఇంజను కావాలని, అప్పుడు కూడా ఆ శబ్దం రాదని చెప్పారు. ఆ మాటలు విని చాలామంది నిరాశపడ్డారు. నాకు మాత్రం అందులో నిజాయితీ కనబడింది. పేరు అంటించి ఏదో ఒక బండి అమ్ముకోవడం వారికి ఎంతో సులువు. మొదటి రోజే వేల బుకింగులు వచ్చేవి. ఆ పని చేయలేదు.

జావా విషయంలో ఏం జరిగిందో చూశాం. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడితే, 2018 నవంబరులో మహీంద్రా అండతో క్లాసిక్ లెజెండ్స్ సంస్థ జావాను తిరిగి తెచ్చింది. 293 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను. ద్రవంతో చల్లబడే ఇంజనే అయినా పాత ఇంజనును తలపించేలా రెక్కలు పెట్టారు, రెండు వైపులా రెండు సైలెన్సర్లు ఉంచారు. చూడముచ్చటైన బండి. రూపం కోరుకున్నవారు తృప్తిపడ్డారు. ఆ పాత గుండెచప్పుడు కోరుకున్నవారికి మాత్రం అది దొరకలేదు, దొరికే వీలూ లేదు.

మరి ఆర్‌ఎక్స్ 100లో మనం ప్రేమించింది దేన్ని? ఇందాకటి అంకెల దగ్గరకు వద్దాం. 100 కిలోల బండికి 11 హార్స్‌పవర్. ఇప్పటి ఎక్స్‌ఎస్‌ఆర్ 155 బరువు 137 కిలోలు, శక్తి 18 హార్స్‌పవర్ పైన. కిలోకు ఎంత శక్తి అని లెక్క వేస్తే కొత్త బండే పైచేయి. ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. అయినా రెండూ నడిపినవారిని అడగండి, ఆర్‌ఎక్స్ చురుకు వేరంటారు. వారు చెప్పేదీ అబద్ధం కాదు. ఆ చురుకు వేగంలో కన్నా బరువులో ఉంది. ఇరుకు సందులో కాళ్లు ఆనించి బండిని వెనక్కి తిప్పుకోవడం, స్టాండు మీద నుంచి ఒంటిచేత్తో దింపడం, వానకు జారే మట్టిరోడ్డులో బండి పక్కకు ఒరిగినా కాలితో నిలబెట్టుకోగలగడం, పంచరు పడితే ఫర్లాంగు దూరం ఆయాసపడకుండా నెట్టుకెళ్లడం. సన్నగా ఉన్న మనిషి కూడా దాని మీద కూర్చుంటే బండి తన చెప్పుచేతల్లో ఉందనుకునేవాడు. ఇంజను పెద్దదైతే ఇవేవీ రావు. బండి తేలికైతేనే వస్తాయి.

ఇది యమహాకు కొత్త పాఠమేమీ కాదు. వాయిద్యాలు తయారుచేసే సంస్థ నుంచి 1955 జులైలో యమహా మోటార్ విడిగా ఏర్పడింది. వారి మొదటి బండి వైఏ 1, 125 సీసీ టూ స్ట్రోక్. ఎర్రమట్టి రంగులో, సన్నగా ఉండే ఆ బండిని జపానులో ముద్దుగా ఎర్ర తూనీగ అని పిలిచారు. దాని బరువు కూడా 100 కిలోల లోపే. సంస్థ పుట్టిన నెలలోనే ఫుజి పర్వతం ఎక్కే పోటీలో అది గెలిచింది. తేలికైన బండి కావాలని మనం అడిగితే, మీరు మొదట చేసిన పనే మళ్లీ చేయండి అని అడిగినట్టు.

తేలిక తరువాత నేను అడిగేది మరమ్మతు. మండల కేంద్రంలో చిన్న షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఆర్‌ఎక్స్ ఇంజనును చెట్టుకింద విప్పి, బోరు కొట్టించి, సాయంత్రానికి స్టార్టు చేసి ఇచ్చేవాడు. ఇప్పటి బండికి సెన్సార్లున్నాయి, కంప్యూటరు తగిలించి చూడాలి. పొగ తగ్గాలంటే ఆ సెన్సార్లు ఉండవలసిందే, కాదనను. కానీ లోపం ఎక్కడుందో చూపించే పరికరం, దాన్ని వాడే శిక్షణ పల్లె మెకానిక్‌కు కూడా అందుబాటు ధరలో దొరకాలి. అది జరగకపోతే పట్నానికి దూరంగా ఉండేవారికి మంచి బండి ఉన్నా లేనట్టే. ఇంకా ఉన్న పాత ఆర్‌ఎక్స్‌లకు పిస్టన్లు, రింగులు, ఆయిలు పంపు భాగాలు కంపెనీ ముద్రతో దొరికితే, నకిలీ సామాను వేసి ఇంజను పాడుచేసుకునే బాధ కూడా తప్పుతుంది.

ధర సంగతి ఒక్క మాటలో చెబుతాను. యమహా ఆర్ 3 అనే బండి కోసం అభిమానులు ఎంతో అడిగారు. 2023 డిసెంబరులో అది పూర్తిగా విదేశంలో తయారై వచ్చింది, ధర 4 లక్షల 65 వేలు. కొనగలిగినవారు తక్కువ. 2025లో ఏకంగా లక్షా పదివేలు తగ్గించారు. మొదటి రోజే ఆ ధర పెట్టి ఉంటే ఎంతమంది ముఖాలు వెలిగేవో. అలాగే ఇండోనేషియాలో అమ్ముతున్న డబ్ల్యూఆర్ 155ఆర్ అనే బండి ఉంది. మట్టిదారులకు, గుంతలకు సరిపడే పొడుగాటి సస్పెన్షను, 155 సీసీ ఇంజను. మన పొలంగట్లకు, ఏజెన్సీ రోడ్లకు అది బాగా నప్పుతుంది. సీటు ఎత్తు చాలా ఎక్కువ కాబట్టి దాన్ని తగ్గించి తెస్తే, నేను దాన్ని సంతోషంగా స్వాగతిస్తాను.

ఇంకొకటి, ఇది నాకు అన్నింటికన్నా ముఖ్యం. ఆర్‌ఎక్స్ 100కు ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. దాని వేగానికి అవి చాలేవి కావు. ఆ బండి నడుపుతూ కన్నుమూసిన కుర్రవాళ్ల గురించి మన ప్రతి ఊళ్లోనూ చెప్పుకుంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకుపోయి బండి జారిపోకుండా అది కాపాడుతుంది. కొత్త బండి ఏదైనా ఈ రక్షణ తగ్గించి బరువు, ధర తగ్గించమని మాత్రం ఎవరూ అడగవద్దు.

కాబట్టి మిత్రులారా, యమహా షోరూముకు వెళ్లినప్పుడు, సర్వీసింగు తరువాత అభిప్రాయం రాయమని కాగితం ఇచ్చినప్పుడు, ఆర్‌ఎక్స్ 100 మళ్లీ కావాలని ఒక్క వాక్యం రాసి ఊరుకోకండి. 115 కిలోలు దాటని బండి కావాలని రాయండి. సీటు ఎత్తు తక్కువ ఉండాలని, రెండు చక్రాలకూ మంచి బ్రేకులు ఉండాలని, తక్కువ వేగంలోనే లాగే ఇంజను కావాలని, లక్షా పాతిక వేలు దాటకూడదని, మా ఊరి మెకానిక్ బాగుచేయగలిగేదై ఉండాలని రాయండి. దానికి వారు ఏ పేరు పెట్టుకున్నా సరే.

సెలవు. నమస్కారం.