మూడు రోజుల సైకిల్ యాత్ర, గుత్తి అవ్వ పెన్షన్

తమ్ముడు: నమస్కారం. అనంతపురం నుంచి మేమిద్దరం, రికార్డింగ్‌కి మళ్లీ అదే మేడ మీది గది. అందరూ అడుగుతున్న సైకిల్ యాత్ర గురించే ఈ రోజు. మాజీ సైనికుల కుటుంబాల కోసం చందాలు పోగుచేస్తూ అనంతపురం నుంచి కర్నూలు, అక్కడి నుంచి కడప, మళ్లీ ఇంటికి. మూడు రోజులు, సుమారు 500 కిలోమీటర్లు.

అక్క: డిసెంబర్ 7న బయల్దేరాం. సాయుధ దళాల పతాక దినోత్సవం అది, 1949 నుంచీ జరుగుతోంది. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం ఉన్న చిన్న జెండాలు హ్యాండిల్‌కి కట్టుకున్నాం. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం. నీది పామిడి దాకా కూడా ఆగలేదు.

తమ్ముడు: గాలికి పోయిందక్కా. గాలి అంటే గుర్తొచ్చింది, టైర్లలో గాలి...

అక్క: అప్పుడే మొదలా?

తమ్ముడు: చెప్పనీ అక్కా. 28 మిల్లీమీటర్ల టైరుకి 100 పీఎస్ఐ గాలి కొట్టించుకుని వచ్చారు సగం మంది. 80 చాలని వారం నుంచి గ్రూప్‌లో మొత్తుకుంటున్నా.

అక్క: పంక్చర్లు పడింది గాలి వల్ల కాదప్పా, కంప ముళ్ల వల్ల. తీసుకుపోయి కంపచెట్ల కింద ఆపించింది ఎవరు?

తమ్ముడు: ఉగ్గాని బజ్జీ అక్కడే దొరికింది మరి!

అక్క: అది నిజమే. బజ్జీ మాత్రం వేడివేడిగా... సరే, రూట్ చెప్పు.

తమ్ముడు: మొదటి రోజు హైవే 44 మీద గుత్తి, డోన్, కర్నూలు. ఎదురుగాలి. గుత్తి కోట కనబడుతూనే ఉంటుంది, దగ్గరికి మాత్రం రాదు. దాని తర్వాతే కదక్కా, నువ్వు అవ్వ ఇంటికి తిప్పింది.

అక్క: నేను తిప్పలేదు, ఆ ఊరివాళ్లే రమ్మన్నారు. హైవే దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి. అవ్వ భర్త హవల్దార్‌గా రిటైరయ్యాడు. 1971 యుద్ధంలో ఉన్నాడట. ఇంటికొచ్చి సేద్యం చేసుకుంటూ ఏడేళ్ల కింద కాలం చేశాడు. గోడ మీద ఫొటో, మెడల్స్ బిస్కెట్ డబ్బాలో. మనకు మజ్జిగ ఇచ్చింది, చెనక్కాయలు వేయించి పెట్టింది. పోయేముందు మెల్లగా అడిగింది, "మూడు నెలలుగా పెన్షన్ పడలేదు, నేను చచ్చిపోయానని రాసుకున్నారేమో కాస్త చూడు నాయనా" అని.

తమ్ముడు: ఆ మాటకి నేను బయటికి వచ్చేశా.

అక్క: నాకు తెలుసు. బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ అవ్వ ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. ఏదో ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి డబ్బులిచ్చి మరీ చేయించుకుంది. రసీదు కూడా ఉంది. చూస్తే, పెన్షన్ ఇచ్చే సంస్థ ఏదని అడిగేచోట బ్యాంకు పేరు నొక్కారు. అవ్వ పెన్షన్ బ్యాంకు నుంచి స్పర్శ్‌లోకి, అంటే రక్షణ శాఖ సొంత ఆన్‌లైన్ పెన్షన్ పద్ధతిలోకి, మారి చాలా రోజులైంది. అక్కడ "స్పర్శ్, పీసీడీఏ పెన్షన్స్, అలహాబాద్" అని ఎంచుకోవాలి. బ్యాంకు పేరు నొక్కినా సర్టిఫికెట్ వచ్చేస్తుంది, కానీ చేరాల్సిన చోటికి చేరదు. ఒక్క నొక్కు తేడా అబ్బీ, మూడు నెలల తిండి.

తమ్ముడు: మళ్లీ చేద్దామంటే వేలిముద్ర పడదు.

అక్క: ఎట్లా పడుతుంది? ఆ బొటనవేలు చూశావా? చెనక్కాయలు ఒలిచి ఒలిచి గీతలే లేవు, గోరు పక్కన నల్లగా చీలిపోయి ఉంది. నాలుగుసార్లు పెట్టించారు. ముఖం చూపించి చేసే పద్ధతి 2021 నుంచి ఉంది, ఫోన్ చాలు. వేపచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టి చేశాం. రెప్ప కొట్టమంటుంది ఫోన్. అవ్వేమో ఫొటో తీస్తున్నారనుకుని బిగుసుకుపోయి, రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నీ మొహం మీద ఈగ వాలితే నవ్వి రెప్పలు కొట్టింది. అప్పుడు అయింది.

తమ్ముడు: (నవ్వు) ఆ ఈగకి కూడా థ్యాంక్స్ చెప్పాలి.

అక్క: అందుకే నేను అంటున్నా. వచ్చే ఏడు కిలోమీటర్లు తగ్గిద్దాం. ఊళ్లలో కూర్చుని ఈ కాగితాలు సరిచేద్దాం. మనమిచ్చే చందా డబ్బు ఒకసారి వస్తుంది, అయిపోతుంది. పెన్షన్ నెలనెలా వస్తుంది.

తమ్ముడు: తొక్కకపోతే చందా ఎవరిస్తారక్కా? 500 కిలోమీటర్లని చెప్తేనే చేయి జేబులోకి పోతుంది.

అక్క: ఇచ్చేటప్పుడు ఏమన్నారో మర్చిపోయావా? "ఆయన యుద్ధంలో పోలేదు కదా, రిటైరై పోయాడు కదా" అన్నాడు ఒకాయన. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. యుద్ధంలో పోతే భార్యకు చివరి జీతమంతా పెన్షన్‌గా వస్తుంది, అది న్యాయం. మామూలుగా పోతే సాధారణ కుటుంబ పెన్షన్, చివరి జీతంలో 30 శాతం. ఇట్లాంటి ఇళ్లే ఎక్కువ. ఆ 30 శాతం కూడా ఆగిపోతే?

తమ్ముడు: నేను కాదనడం లేదక్కా. కానీ డబ్బు చిన్న సంగతి అనొద్దు.

అక్క: చిన్నదన్నానా?

తమ్ముడు: ఒకసారి వచ్చి అయిపోతుందన్నావు. మా నాన్న కూడా సైన్యంలోనే చేశాడు, వినేవాళ్లకు తెలుసు. ఆయన పోయినప్పుడు డిశ్చార్జ్ బుక్‌లో అమ్మ పేరు చివర "అమ్మ" అని ఉంది, ఆధార్‌లో లేదు. ఆ రెండక్షరాలకి అమ్మ ఏడాదికి పైగా తిరిగింది. అఫిడవిట్ అన్నారు, మళ్లీ ఇంకోటి అన్నారు. ఆ ఏడాది నా కాలేజీ ఫీజుకి మడి కౌలుకిచ్చింది. కాగితం సరయ్యేదాకా బతకాలి కదక్కా. ఆ రోజు ఎవరైనా ఫీజు తెచ్చి చేతిలో పెట్టుంటే...

అక్క: ...

తమ్ముడు: అందుకే తొక్కుతా నేను.

అక్క: సరేనప్పా. రెండూ చేద్దాం. తొక్కేవాళ్లు తొక్కుతారు, వెనక జీపులో ఇద్దరు ఫోన్లు పట్టుకుని రావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందే అడిగి, ఏ ఊళ్లో ఎవరికి ఆగిపోయిందో కనుక్కుని రూట్ వేద్దాం.

తమ్ముడు: జీపులో గాలి పంపు కూడా పెట్టు. గేజ్ ఉన్నది.

అక్క: నీ గేజ్ నువ్వే పెట్టుకో. రెండో రోజు చెప్పు, వినేవాళ్లు ఎదురుచూస్తుంటారు.

తమ్ముడు: కర్నూలు నుంచి ఓర్వకల్లు రాళ్లు, సోలార్ పలకలు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప. 200 పైనే. చీకటి పడింది. కడపలో కారం దోసె. మూడో రోజు తాడిపత్రి మీదుగా ఇల్లు. ఆ నీలం బాటిల్ సంగతి చెప్పనా?

అక్క: చెప్పావంటే లేచిపోతా.

తమ్ముడు: చెప్పనులే. అవ్వ మనవరాలు ఏమైనా మెసేజ్ పెట్టిందా?

అక్క: లేదు. నెలాఖరుకి కదా పడేది. పొద్దున కూడా చూశా.

తమ్ముడు: నేనూ చూశా. ఆళ్లగడ్డ దాటాక ఆ తెల్ల సైకిలు అబ్బాయికి టైరు పేలింది గుర్తుందా? ఎంత కొట్టించాడో తెలుసా...

అక్క: కరెంట్ పోయింది. ఫ్యాన్ ఆగింది చూడు.

తమ్ముడు: ఫోన్‌లో రికార్డవుతోంది, చెప్తా ఉండు. 110 అక్కా, 110...