గుడ్డ మీద లేచి నిలిచే పూసలు: ఒనైడా కుట్టుపని

(దృశ్యం: నల్లని మఖమల్ గుడ్డ మీద పూసలతో కుట్టిన స్ట్రాబెర్రీ పండు. కెమెరా పక్కకు జరుగుతుంది.)

వ్యాఖ్యానం: ఎదురుగా చూస్తే ఇది మామూలు పూసలకుట్టే. పక్కనుంచి చూసినప్పుడు మాత్రం, పూసల వరుసలు గుడ్డను అంటుకోకుండా చిన్న కమానుల్లా పైకి లేచి ఉన్నాయని తెలుస్తుంది. ఇందులోని కిటుకు కొలతలో ఉంది. సూది పైకి వచ్చిన చోటికీ తిరిగి దిగవలసిన చోటికీ మధ్య దూరానికి సరిపోయే పూసలకంటే కొన్ని ఎక్కువ ఎక్కించి దారం బిగిస్తే, మిగిలిన పూసలకు చోటు చాలక వరుస మొత్తం పైకి వంగుతుంది. ఎన్ని ఎక్కువ ఎక్కించాలన్నది చేతికి అలవాటు కావలసిందే.

(దృశ్యం: ఉత్తర అమెరికా పటం, న్యూయార్క్, విస్కాన్సిన్, ఒంటారియో వెలుగుతాయి.)

ఒనైడాలు ఉత్తర అమెరికా ఆదివాసీలు, హాడెనోషోనీ అనే సమాఖ్యలోని ఆరు జాతులలో ఒకరు. వారి పేరుకు ‘నిలిచిన రాయి ప్రజలు’ అని అర్థం. స్వస్థలం నేటి న్యూయార్క్ రాష్ట్రం. భూములు చేజారుతూ ఉండగా 1820ల నుంచి కొందరు విస్కాన్సిన్‌కూ, 1840 ప్రాంతంలో మరికొందరు కెనడాలోని ఒంటారియోకూ తరలిపోయారు.

(దృశ్యం: పాత సూదిదిండ్లు, చేతిసంచులు.)

ఐరోపా వర్తకులు తెచ్చిన గాజు పూసలను హాడెనోషోనీ స్త్రీలు తమ కుట్టులో కలుపుకున్నారు. 19వ శతాబ్దంలో నయాగరా జలపాతం చూడవచ్చిన యాత్రికులకు ఇలాంటి సూదిదిండ్లను, సంచులను అమ్మి ఎన్నో కుటుంబాలు బతికాయి. యాత్రికుల కోసం చేసిన సరుకు గనుక దీనిని అసలైన కళ కాదని చాలాకాలం చిన్నచూపు చూశారు. అమ్ముడుపోయిన వస్తువులో నైపుణ్యం ఉండదనుకోవడం విచిత్రమైన వాదన.

(దృశ్యం: ఒకే బల్ల చుట్టూ కుట్టుతున్న పెద్దలు, పిల్లలు.)

విస్కాన్సిన్ ఒనైడా కళాకారిణి కేరెన్ ఆన్ హాఫ్‌మన్ ఈ కుట్టును సమాఖ్యలోనే మరో జాతియైన కయూగాకు చెందిన శామ్యూల్ థామస్ వద్ద, లోర్నా హిల్ వద్ద నేర్చుకున్నారు. తరువాత తాను ఇతరులకు నేర్పారు. 2020లో ఆమెకు అమెరికా జాతీయ వారసత్వ ఫెలోషిప్ లభించింది. ప్రదర్శనశాలలోని అద్దాల పెట్టె వస్తువును కాపాడగలదు గానీ, దారం ఎంత బిగించాలో చెప్పలేదు. అది పక్కన కూర్చున్నవారి వేళ్లను చూసి తెలుసుకోవలసిన సంగతి.

(దృశ్యం: దుంగను సుత్తితో కొడుతున్న చేతులు, పొరలుగా విడిపోతున్న చెక్క.)

హాడెనోషోనీల మరో చేతిపని బుట్టల అల్లిక. దానికి నేర్పేవారు ఉంటే చాలదు, చెట్టు కూడా ఉండాలి. నల్ల యాష్ అనే చెట్టు దుంగను అదే పనిగా కొడితే, ఏటేటా పెరిగిన వలయాల వెంబడి సన్నని బద్దలు ఊడివస్తాయి. 2002లో మిచిగన్‌లో బయటపడిన ఆసియా జాతి పచ్చ పురుగు బెరడు కింద తొలిచి ఈ చెట్లను చంపుతూ వ్యాపిస్తోంది. అందుకే ఆదివాసీ జాతులు విత్తనాలను ఏరి శీతల నిల్వలలో దాచిపెట్టే పనిలో పాలుపంచుకుంటున్నాయి. ఆ విత్తనం మొలిచి, బద్దలు తీయదగిన మాను కావడానికి దశాబ్దాలు పడుతుంది. దుంగను కొట్టడం తెలిసిన చేతులు అంతవరకూ ఉండేందుకు నేటి పిల్లలకు ఇప్పుడున్న చెట్లతోనే నేర్పుతున్నారు.