రక్తం నుంచి మాక్రోఫేజ్‌లు: వారం తర్వాత లెక్క ఎందుకు తగ్గుతుంది?

“20 లక్షల మోనోసైట్లు వేశాం, వారానికి 8 లక్షలే మిగిలాయి, కల్చర్ పాడైందా?” ఈ ప్రశ్న ఆగడం లేదు. పాడవలేదండీ! మోనోసైట్ (రక్తంలో తిరిగే ఒక రకం తెల్లకణం) దాదాపుగా విభజన చెందదు, రూపం మార్చుకుని మాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే కణం) అవుతుందంతే. పది గొంగళిపురుగులు పెడితే మహా అయితే పది సీతాకోకచిలుకలు. పదకొండోది ఎక్కణ్ణుంచి వస్తుంది?

[తెరపై: ట్యూబు, దగ్గరగా]

అసలు తంటా రక్తం నుంచి ఈ కణాల్ని వేరుచేసే మొదటి గంటలోనే. రక్తంలో అంతే పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రావణం) కలిపి, ట్యూబు వాల్చి, ఫైకాల్ (కణాల్ని సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) మీదకి గోడ వెంట మెల్లగా జారవిడవండి. తర్వాత సెంట్రిఫ్యూజ్: స్వింగ్-అవుట్ రోటర్ (తిరిగేటప్పుడు ట్యూబు అడ్డంగా లేచేది), 400 జీ (గురుత్వాకర్షణకు 400 రెట్లు), 30 నిమిషాలు, బ్రేక్ ఆఫ్. బ్రేక్ పడిందా, పొరలు కలిసిపోతాయి. ఫైకాల్ సాంద్రత మి.లీ.కి 1.077 గ్రాములు అన్నది గది ఉష్ణోగ్రత లెక్క. ఫ్రిజ్‌లోంచి తీసి పోస్తే సాంద్రత పెరిగి, ఎర్రకణాలు కొన్ని దిగకుండా పైనే ఉండిపోతాయి.

ప్లాస్మాకీ ఫైకాల్‌కీ మధ్య మసకగా ఓ తెల్లటి పట్టీ. కావాల్సిన కణాలు అందులోనే. ఆశపడి కింది ఫైకాల్ కూడా పీల్చేశారంటే, కడిగేటప్పుడు కణాలు అడుగుకి చేరవు. చివరి వాష్ 200 జీ దగ్గరే, ప్లేట్‌లెట్లు పై ద్రవంలోనే ఉండిపోయి, దాంతోపాటు పోతాయి.

10 మి.లీ. రక్తానికి కోటి నుంచి రెండు కోట్ల కణాలు, అందులో మోనోసైట్లు 10–20 శాతం. వీటిని సీడీ14 (మోనోసైట్ పైన ఉండే ప్రోటీన్)ను పట్టుకునే అయస్కాంత పూసలతో లాగుతాం.

ఇక మేత. మి.లీ.కి 50 నానోగ్రాముల ఎం-సీఎస్ఎఫ్ (కణాలకు సంకేతమిచ్చే ప్రోటీన్) ఇస్తే 6–7 రోజుల్లో మాక్రోఫేజ్. జీఎం-సీఎస్ఎఫ్, ఐఎల్-4 అనే వేరే సంకేత ప్రోటీన్లు కలిపి ఇస్తే డెండ్రిటిక్ కణం (క్రిమి ముక్కల్ని టీ-కణాలకు చూపించేది). అదే గొంగళిపురుగు, ఆకు మారిస్తే వేరే సీతాకోకచిలుక! (ప్రకృతిలో అలా జరగదని నాకూ తెలుసు, కాస్త సర్దుకోండి.) ఆకే లేకపోతే కొద్ది రోజుల్లో చాలావరకు చస్తాయి. మూడో రోజు మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) సగమే మార్చండి. మీడియంలో ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ నుంచి వచ్చే విషం) ఉంటే మీరు ఏమీ కలపకముందే కణాలు రెచ్చిపోతాయి. కంట్రోల్ (ఏమీ కలపని కణాలు) కూడా స్పందిస్తోందంటే ముందు దాన్నే అనుమానించండి.

మాక్రోఫేజ్‌లు ప్లాస్టిక్‌ని వదలవు, ట్రిప్సిన్‌కీ (కణాల్ని ఊడదీసే ఎంజైమ్) లొంగవు. చల్లటి పీబీఎస్‌లో ఈడీటీఏ (కణాల పట్టు సడలించే రసాయనం), ఐస్ మీద 15 నిమిషాలు, తర్వాత మెత్తగా గీకడం. అసలు ప్రయోగం చేసే ప్లేట్‌లోనే పెంచేస్తే ఈ గోలే ఉండదు.

టైమ్ అయిపోతోంది, టీ-కణాలు (రోగనిరోధక తెల్లకణాల్లో మరో రకం) గబగబా: ఇవి నిజంగానే విభజన చెందుతాయి. సీడీ3/సీడీ28 పూసలు (టీ-కణాన్ని మేల్కొలిపేవి) ఒక కణానికి ఒకటి, తోడు టీ-కణాల్ని పెంచే ఐఎల్-2, అంటే 1976లో రాబర్ట్ గాలో ల్యాబ్‌లో బయటపడిన కారకమే. మి.లీ.కి 5–10 లక్షల దగ్గర ఉంచుతూ, గుంపు ఎక్కువైతే పలచన చేయండి. లెక్కపెట్టే ముందు పూసల్ని అయస్కాంతంతో తీసేయండి, లేకపోతే కౌంటర్ వాటినీ కణాలుగానే లెక్కేస్తుంది.