దిగడం కూడా నేర్చుకుందాం
(హనుమకొండలో, మొదటిసారి హిమాలయాలకు ట్రెక్కింగ్‌కు వెళ్తున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇందాక టీ తాగుతూ, ప్రాక్టీసు ఎట్లా నడుస్తోందని కొందరిని అడిగాను. "రోజూ పొద్దున పద్మాక్షి గుట్ట ఎక్కుతున్నం సార్" అన్నారు. చాలా సంతోషం. కానీ దిగుతున్నామని ఒక్కరూ అనలేదు. నేను ఈరోజు మాట్లాడేది ఆ దిగడం గురించే.

మీరు వెళ్తున్నది హంప్టా కనుమకు. హిమాచల్‌లో కులు లోయకూ లాహౌల్‌కూ మధ్య, దాదాపు 4,270 మీటర్ల ఎత్తున ఉంటుంది. శిఖరం వేరు, కనుమ వేరు. శిఖరం ఎక్కినవాడు సాధారణంగా వచ్చిన తొవ్వనే తిరిగి వస్తాడు. ఎక్కడ బండ కదులుతుందో, ఎక్కడ కాలు జారుతుందో పొద్దున చూసే ఉంటాడు. కనుమ దాటేవాడు మాత్రం ఒక వైపు ఎక్కి, ఎన్నడూ చూడని రెండో వైపు దిగాలి. అదీ అలసిపోయాక, మధ్యాహ్నం వేళ. హంప్టాలో తెల్లవారుజామున బాలూ కా ఘేరా నుంచి బయలుదేరి కనుమ ఎక్కుతారు, అదే రోజు అవతల శియాగోరు దాకా దిగుతారు. ఎక్కేటప్పుడు పచ్చిక బయళ్లు, పూలు, వాగు చప్పుడు. దాటగానే వర్షం పెద్దగా పడని నేల, బోడి కొండలు, విరిగి జారిన రాళ్లు, జూన్‌లో అయితే మంచు. ఆ మార్పును కళ్లారా చూడటానికైనా ఒక్కసారి పోవాలి.

నేను మొదటిసారి పోయినప్పుడు మీలాగే ఎక్కడం ఒక్కటే ప్రాక్టీసు చేశాను. కనుమ మీదికి అందరికంటే ముందు చేరాను. అక్కడ దేవ్ టిబ్బా, ఇంద్రాసన్ శిఖరాలు చూసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అరగంటలో మబ్బు కమ్మింది. గైడ్ ముందు నడుస్తూ, మంచులో గొడ్డలితో ఒక్కో మెట్టు చెక్కుతూ పోతున్నాడు. "మడమ దించు భయ్యా, మడమ" అని వెనక్కి తిరిగి చెబుతూనే ఉన్నాడు. నాకు భయమేసి ఒళ్లు వెనక్కి వాల్చాను. జారేది అట్లా వాలినప్పుడే. బరువు కాళ్ల మీద లేకపోతే బూటు మంచును పట్టుకోదు. పదడుగులు జారి ఒక రాయికి మోకాలు కొట్టుకున్నాను. అదృష్టం కొద్దీ ఎముక విరగలేదు. కానీ మిగిలిన దారంతా ఒక్కో అడుగుకూ పళ్లు బిగబట్టాను, నా వల్ల గుంపంతా చీకటి పడే దాకా నడవాల్సి వచ్చింది. ఆ రోజు నా బ్యాగు మోసిన తమ్ముడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

దిగేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టం అనుకుంటాం. దిగేటప్పుడు అదే కండరం సాగుతూనే మన బరువును ఆపాలి, అంటే బ్రేకు పని. ఆయాసం ఉండదు కానీ కండరంలో సన్నని చిరుగులు పడతాయి. అందుకే నొప్పి ఆ రోజు తెలియదు, మర్నాడో ఎల్లుండో పట్టుకుంటుంది. కెరమెరి ఘాట్‌లో లారీ డ్రైవర్లను చూడండి. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగుతారు. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలిపోతాయని వాళ్లకు తెలుసు. మనమూ చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ, మోకాలు కాస్త వంచి దిగాలి.

మంచి సంగతేమిటంటే, ఈ కండరం త్వరగా నేర్చుకుంటుంది. ఒక్కసారి గట్టిగా దిగుడు నడిస్తే, ఆ తర్వాత కొన్ని వారాల దాకా అంత నొప్పి రాదు. అందుకే ఇకనుంచి గుట్ట దిగేటప్పుడు పరుగెత్తకండి. వీపున ఐదారు కిలోల బ్యాగు వేసుకుని మెల్లగా దిగండి. కాలిగోళ్లు కత్తిరించుకోండి. బూటు ముందు భాగంలో వేలు ఆడేంత చోటుండాలి, చీలమండ దగ్గర లేసు గట్టిగా ఉండాలి. లేకపోతే దిగుడంతా వేళ్లు బూటుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి.

నడకకు ఎంత సమయం పడుతుందో లెక్కగట్టడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక సూత్రం చెప్పాడు. ఐదు కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. దిగుడును లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత ఎరిక్ లాంగ్‌మ్యూర్ దాన్ని సవరించి, నిటారు దిగుడుకు ప్రతి 300 మీటర్లకు పది నిమిషాలు కలపాలన్నాడు. మీరు కలపండి. ఇంకో పదో ఇరవయ్యో నిమిషాలు ఎక్కువే కలపండి.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. మన వరంగల్ 300 మీటర్ల లోపే. కనుమ మీద కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి తక్కువ. ఇక్కడ ఒక శ్వాసకు అందేదాంట్లో అక్కడ దాదాపు 60 శాతమే అందుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి చచ్చిపోవడం, ఇవి కనబడితే దాచుకోవద్దు. గుంపు ఆగిపోతుందని, పరువు పోతుందని మొహమాటపడవద్దు. లక్షణాలు తగ్గేదాకా పైకి పోకూడదు. ముదిరితే అన్నిటికంటే మంచి మందు కిందికి దిగడం, అర్ధరాత్రయినా సరే. అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఈ ఒక్క మాట మీద మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను.

మన నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. పదమూడేళ్ల పదకొండు నెలల వయసు. భువనగిరి బండ మీద నేర్చుకుని పోయింది. మనం ఎక్కిందనే గొప్పగా చెప్పుకుంటాం. ఆ పిల్ల క్షేమంగా దిగి వచ్చింది, నాకు అదీ అంతే గొప్ప. ఎనిమిది వేల మీటర్లు దాటిన చోట పర్వతారోహకుల ప్రాణాలు ఎక్కువగా పోయింది దిగేటప్పుడే.

వచ్చే నెలలో ఒకరోజు రేగొండ వైపు పాండవుల గుట్టలకు పోదాం. అక్కడిది ఇసుకరాయి. వాన పడితే మెత్తబడి అంచులు విరుగుతాయి, కాబట్టి తడి ఉంటే వెనక్కి వచ్చేద్దాం. రాతి మీద ఎర్రరంగు బొమ్మలున్నాయి, మన ముందుతరాల వాళ్లు ఎప్పుడో వేసినవి. వాటిని చేత్తో తాకకండి, చెమటకు కూడా రంగు పాడవుతుంది.

శియాగోరు దాటాక ఒక వాగు ఉంది. మంచు కరిగిన నీళ్లు, ఎముకలు కొరికేంత చలి. పొద్దున్నే మోకాలి లోతు ఉండేది, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి పెరుగుతుంది. గైడ్ త్వరగా లేవమంటే అందుకే. చేతులు పట్టుకుని, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది ఎత్తండి.

ఆదివారం పొద్దున ఐదున్నరకు పద్మాక్షి గుట్ట కింద కలుద్దాం. బ్యాగుల్లో నీళ్ల సీసాలు నింపుకుని రండి, బరువూ ఉంటుంది, దాహానికీ పనికొస్తుంది. పైకి ఒక్కసారే ఎక్కుదాం. దిగడం మాత్రం తొందర లేకుండా, నేను వెనక నుంచి మీ మడమలు చూస్తూ వస్తాను.