ఓడ వెనక రాసిన ఊరు: విశాఖలో షిప్ స్పాటింగ్

నమస్కారమండీ. పోయిన వీడియోలో విశాఖ పోర్టుకి బొగ్గు తెస్తున్న ఓడని చూపించాను కదా. దాని వెనక, పేరు కింద 'మజురో' అని రాసుంది. అదెక్కడి ఊరు అని చాలామంది అడిగారు. ఓనరు గారి పేరేమో అని ఒకాయన అన్నారు. సరే, ఈసారి మొత్తం దాని మీదే మాట్లాడుకుందాం. ఒడ్డున నిలబడి ఓడని చూస్తే మనకేం తెలుస్తుంది? యాప్ సంగతి తర్వాత. ముందు కళ్లతో చూద్దాం.

ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయితే ఆ దేశం జెండా దానిది, అక్కడి ఊరి పేరే వెనక రాస్తారు. మజురో అంటే మార్షల్ దీవుల రాజధాని. పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. దేశం మొత్తం మీద జనం 50 వేలు కూడా ఉండరు. అయినా రిజిస్టర్ అయిన ఓడల మొత్తం టన్నుల లెక్కన చూస్తే ప్రపంచంలో మొదటి మూడు జెండాల్లో అదొకటి. మిగతా రెండూ పనామా, లైబీరియా. లైబీరియా ఓడ అయితే వెనక 'మన్రోవియా' అని ఉంటుంది. ఓడ ఓనరు గ్రీసులో ఉండొచ్చు, జపాన్‌లో ఉండొచ్చు. పన్ను తక్కువ, ఏ దేశం సిబ్బందినైనా పెట్టుకోవచ్చు, కాగితాల పని త్వరగా అవుతుంది. అందుకే జెండా మాత్రం అక్కడిది తీసుకుంటారు. అసలు సముద్రమే లేని మంగోలియాకి కూడా ఓడల రిజిస్ట్రీ ఉంది. ఆ పని నడిచేది సింగపూర్ నుంచి.

ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. మజురో ఓడల రిజిస్ట్రీ వ్యవహారం నడిపే ఆఫీసు ఉన్నది వర్జీనియాలోని రెస్టన్‌లో. లైబీరియా రిజిస్ట్రీ కూడా ఆ చుట్టుపక్కల నుంచే, డల్లస్ నుంచి నడుస్తుంది. టెక్సాస్ డాలస్ కాదండోయ్, వాషింగ్టన్ ఎయిర్‌పోర్ట్ ఉన్న డల్లస్. మన తెలుగువాళ్లు అంతమంది ఉండే ఆ ప్రాంతంలో, ఆఫీసుకి వెళ్లే దారిలో ఏదో ఒక గాజు బిల్డింగ్ లోపల ఈ వేల ఓడల కాగితాలన్నీ ఉంటాయి. సముద్రం అక్కడికి కనిపించను కూడా కనిపించదు.

ఈ కలగాపులగం ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే ఎవర్ గివెన్‌ని గుర్తు తెచ్చుకోండి. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుపోయిన 400 మీటర్ల కంటైనర్ ఓడ. పక్కన పెద్ద అక్షరాలతో 'ఎవర్‌గ్రీన్' అని ఉంటుంది. అది ఓడ పేరు కాదు, దాన్ని నడిపిన తైవాన్ కంపెనీ పేరు. ఓనరు జపాన్ కంపెనీ. వెనక రాసింది పనామా. సిబ్బందిని, మరమ్మతుల్ని చూసుకునేది జర్మనీ కంపెనీ. లోపల పనిచేస్తున్న 25 మందీ భారతీయులు. టీవీల్లో ఎవరికి తోచిన దేశం పేరు వాళ్లు చెప్పారు. వాళ్ల తప్పు కూడా లేదు.

మరి ఓడని నమ్మకంగా గుర్తుపట్టేదెలా? స్క్రీన్ మీద చూడండి, ఊరి పేరు దగ్గర 'ఐఎంఓ' (అంతర్జాతీయ నౌకాయాన సంస్థ) అని, దాని పక్కన ఏడు అంకెలు. ఓడ పుట్టినప్పుడు ఇచ్చిన నంబరు ఇది. మన బండికి ఛాసిస్ నంబరు ఉన్నట్టు. ఓనరు మారినా, పేరు మారినా, జెండా మారినా ఇది మారదు. బయటికి కనిపించేలా ఓడ శరీరం మీదే శాశ్వతంగా వేయాలన్న నియమం 2004 నుంచి అమల్లో ఉంది. అంకెల ఎత్తు కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి. కాబట్టి ఓ మాదిరి జూమ్ ఉన్న ఫోన్‌కి కూడా దొరుకుతుంది.

ఈ నంబరులో చిన్న లెక్క దాగి ఉంది. ఎవర్ గివెన్ నంబరు 9811000. మొదటి అంకెని 7తో, రెండోదాన్ని 6తో, అలా ఆరో అంకెని 2తో గుణించుకుంటూ వెళ్లండి. తొమ్మిది ఏడులు 63. ఎనిమిదార్లు 48. ఒకటైదులు 5. ఒకటి నాలుగులు 4. మిగిలినవి సున్నాలు. మొత్తం 120. చివర వచ్చింది సున్నా, నంబరులో ఏడో అంకె కూడా సున్నా. ఏ ఓడకైనా ఇలా కుదరాల్సిందే. దూరం నుంచి తీసిన ఫోటోలో అది 5 అంకో 6 అంకో తేలకపోతే ఈ లెక్క వేసి చూడండి, పని జరిగిపోతుంది.

పేరు మారినా నంబరు మారదన్నాను కదా. 'ఫ్రాన్స్' అని ఒక పెద్ద ప్రయాణికుల ఓడ 1962లో అట్లాంటిక్ మీద తిరగడం మొదలుపెట్టింది. తర్వాత అదే 'నార్వే' అయి కరీబియన్‌లో విహార యాత్రలు చేసింది. చివరికి 2006లో 'బ్లూ లేడీ' అనే పేరుతో గుజరాత్‌లోని అలంగ్‌కి వచ్చింది, అక్కడే దాన్ని విరగ్గొట్టారు. మూడు పేర్లకీ ఒకటే నంబరు, 5119143. లెక్క వేస్తే మొత్తం 93 వస్తుంది. చివర 3.

ఇప్పుడు ఎక్కడ నిలబడాలో చెప్తాను. నన్నడిగితే తెలుగు నేల మీద ఓడలు చూడటానికి విశాఖని మించిన చోటు లేదు. చాలా పోర్టుల్లో ఓడ మనిషి కంటికి అందనంత దూరంలో ఉంటుంది, మధ్యలో గోడలు, గేట్లు. ఇక్కడ లోపలి హార్బర్‌కి వెళ్లే దారి సన్నటి కాలువ. ఒక పక్క డాల్ఫిన్ నోస్ కొండ. ఇంకో పక్క చర్చి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వర స్వామి కొండ. వాటి కిందనుంచే ఓడ టగ్గుల (ఓడని లాగే చిన్న పడవల) సాయంతో మెల్లగా వెళ్తుంది. పైనుంచి చూస్తే దాని డెక్కు మీద నడిచే మనిషి కూడా కనిపిస్తాడు.

1933 అక్టోబర్ 7న ఈ హార్బర్‌లోకి వచ్చిన మొదటి ఓడ జలదుర్గ, సింధియా కంపెనీది. పోర్టు కట్టే రోజుల్లో ఈ కాలువ మొగ దగ్గర అలల్ని, ఇసుకని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి పెద్ద ఓడలు పట్టే బయటి హార్బర్ 1976లో వచ్చింది.

వీడియోలో ఉన్న ఓడ డెక్కు మీద ఏడు మూతలు ఉన్నాయి, లెక్కపెట్టండి. మూత కింద సరుకు నింపే గది ఉంటుంది. ఏడు మూతలుండి క్రేన్లు లేకపోతే అది దాదాపుగా పనామాక్స్, అంటే పనామా కాలువ పాత లాకుల్లో పట్టేలా 32 మీటర్ల వెడల్పుతో కట్టిన ఓడ. ఐదు మూతలు, మధ్యలో నాలుగు క్రేన్లు ఉంటే సుప్రామాక్స్. పోర్టులో క్రేన్ లేకపోయినా తన సరుకు తనే దించుకుంటుంది. తొమ్మిది మూతలుంటే కేప్‌సైజ్, 290 మీటర్ల పైచిలుకు పొడవు. అది బయటి హార్బర్‌లోనే ఆగుతుంది. ఈ మూతలు లెక్కపెట్టే అలవాటు ఒక్కటి వస్తే చాలు, ఈ హాబీలో సగం వచ్చినట్టే.

తర్వాత నీటి గీత చూడండి. ఎర్ర రంగు ఎక్కువగా కనిపిస్తోందంటే ఓడ ఖాళీగా ఉన్నట్టు. ముందు, వెనక అంకెలు నిలువుగా ఉంటాయి. అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు. నీళ్లు ఒక అంకె అడుగు అంచుని తాకితే ఓడ సరిగ్గా అంత లోతు మునిగి ఉందని అర్థం. మధ్యలో ఒక వృత్తం, దాన్ని అడ్డంగా కోస్తూ గీత ఉంటాయి. బ్రిటన్ ఎంపీ శామ్యూల్ ప్లిమ్సోల్ పట్టుబట్టి 1876లో చట్టం చేయించాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. ఇన్సూరెన్స్ ఉందిలే అని ఓనర్లు మోయలేనంత సరుకు ఎక్కించి నావికుల్ని చావుకి పంపుతున్న రోజులవి. వృత్తం పక్కన నిచ్చెనలా ఇంకొన్ని గీతలుంటాయి. వేడి సముద్రంలో ఎంత మునగొచ్చు, చలికాలంలో ఎంత, మంచినీళ్లలో ఎంత అని. మంచినీళ్లలో ఓడ కాస్త ఎక్కువ మునుగుతుంది మరి.

ఈ లోతు గొడవ మన పోర్టుకి బాగా సంబంధం ఉన్నదే. హుగ్లీ నదిలో ఉన్న హల్దియాకి నిండు ఓడ వెళ్లలేదు, అక్కడ లోతు చాలదు. అందుకని కొన్ని బొగ్గు ఓడలు ముందు విశాఖలోనో పారాదీప్‌లోనో కొంత సరుకు దించి, తేలికపడ్డాక హల్దియా వెళ్తాయి. విశాఖ నుంచి సగం మునిగి బయటికి వెళ్తున్న బొగ్గు ఓడ కనిపిస్తే, దాని ప్రయాణం ఇంకా మిగిలి ఉండొచ్చు.

సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగురుతోందంటే లోపల పోర్టు పైలట్, అంటే ఓడకి దారి చూపే మనిషి ఉన్నాడు. మొత్తం ఎర్ర జెండా అయితే ప్రమాదకరమైన సరుకు, ఎక్కువగా ఆయిలో గ్యాసో. మన మూడు రంగుల జెండా కనిపించిందని అది ఇండియా ఓడ అనుకోకండి. పరాయి రేవుకి వచ్చిన ఓడ మర్యాదగా ఆ దేశం జెండా కడుతుంది. సొంత జెండా వెనక ఉంటుంది. మన షిప్పింగ్ కార్పొరేషన్ ఓడ అయితే వెనక ముంబై అని రాసుంటుంది.

రాత్రి ఆర్కే బీచ్‌లో కూర్చుంటే సముద్రం మీద వరసగా కనిపించే దీపాలు లంగరు వేసి ఎదురుచూస్తున్న ఓడలవి. 100 మీటర్లు దాటిన ఓడ లంగరు మీద ఉంటే డెక్కు లైట్లు కూడా వేయాలని నియమం. బెర్తు ఖాళీ లేకో, కాగితాలు కాకో ఆగి ఉంటాయి. గడువు దాటి ఆగిన ప్రతి రోజుకీ ఎవరో ఒకరు డెమరేజ్ కడుతుంటారు. మనకి అందంగానే ఉంటుంది, ఆ కట్టేవాళ్లకి మాత్రం టెన్షన్. లంగరు కూడా ఎల్లకాలం పట్టి ఉంచదు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం వచ్చినప్పుడు 'మా' అనే బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కింది. ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగారు. తర్వాత దాన్ని రెస్టారెంట్ చేస్తామన్న మాటలూ వినిపించాయి.

ఇక యాప్. మెరైన్‌ట్రాఫిక్ లాంటివి చూపించేదంతా ఓడ తనే రేడియోలో పంపే సమాచారం. ఓడ ఎక్కడుంది, ఎంత వేగంతో వెళ్తోంది అన్నవి పరికరం దానంతటది పంపుతుంది, వాటిని చాలావరకు నమ్మొచ్చు. ఎక్కడికి వెళ్తోంది అన్నది మాత్రం ఓడలో మనిషి చేత్తో టైప్ చేసేది. విశాఖకి అయితే ఐఎన్ వీటీజడ్ అనే కోడ్ కొడతారు. లంగరు ఎత్తి రెండు రోజులైనా కొందరు దాన్ని మార్చరు. అందుకే యాప్‌లో ఉన్నదాన్ని పట్టుకుని ఫలానా ఓడ ఫలానా చోటికి అని ఖాయంగా చెప్పేవాళ్లని చూస్తే నాకు కాస్త చికాకు.

ముఖ్యమైన సంగతి ఒకటి. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం. బూడిద రంగు ఓడ కనిపిస్తే ఫోన్ జేబులో పెట్టేయండి. 2019 డిసెంబర్‌లో గూఢచర్యం కేసులో నేవీ సిబ్బందినే అరెస్టు చేశారు. ఆ తర్వాత ఓడల్లో, స్థావరాల్లో సిబ్బందికి స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించారు. వాళ్లకే అంత కట్టడి ఉంటే మనమెంత? డ్రోన్ మాట అసలు ఎత్తొద్దు. ఎవరైనా పోలీసు వచ్చి అడిగితే వాదించకుండా ఫోటోలు చూపించండి. యుద్ధనౌకని చూడాలనే ఉంటే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది, టికెట్ కొనుక్కుని లోపలికే వెళ్లొచ్చు.

కాకినాడవాళ్లు మా ఊరిని వదిలేశారేంటని అంటారు, తెలుసు. అక్కడ లంగరు రేవులో ఓడ ఒడ్డుకి రాదు, హోప్ ఐలాండ్ చాటున దూరంగా ఆగుతుంది. బియ్యం బస్తాలు బార్జీల్లో దాని దగ్గరికి వెళ్తాయి. అక్కడి నుంచి ఆఫ్రికాకి. అక్కడ అసలు చూడాల్సింది ఓడ కంటే బార్జీనే. వచ్చే వీడియో దాని మీదే. ఉంటానండి.