ఐసు డ్రమ్ములో ఎప్పుడు దిగాలి?

హోస్ట్: అక్కా, పొద్దున బెంగళూరు కంఠీరవ స్టేడియం దగ్గర ఒకబ్బాయిని చూశాను. నీలం డ్రమ్ములో నడుందాకా మునిగి పళ్లు కటకటలాడిస్తున్నాడు. పక్కన ఒకాయన గోనెసంచీలోంచి ఐసుగడ్డలు కుమ్మరిస్తూనే ఉన్నాడు. అంత చలి అవసరమా?

ఫిజియో: అక్కర్లేదు. 10 నుంచి 15 డిగ్రీల నీళ్లు, ఓ పది పదిహేను నిమిషాలు చాలు. ఇంతకీ డ్రమ్ములో దిగకముందు ఏం చేశాడు?

హోస్ట్: దాంతో ఏం పని?

ఫిజియో: అంతా అక్కడే ఉంది. సాయంత్రం మళ్లీ రేసుందనుకో, దిగమను. నొప్పి తగ్గి కాళ్లు తేలికపడతాయి. జిమ్‌లో స్క్వాట్లు కొట్టి వచ్చాడా, వద్దే వద్దు. 2015లో ఒక అధ్యయనం వచ్చింది. 12 వారాలు వెయిట్స్ చేయించారు. వెయిట్స్ అయిన ప్రతిసారీ చన్నీళ్లలో కూర్చున్నవాళ్లకి, మెల్లగా సైకిల్ తొక్కినవాళ్లకంటే కండ, బలం తక్కువ పెరిగాయి. కండ పెంచే పని ఒంట్లో అప్పుడే మొదలవుతుంది. దానిమీద మనమే నీళ్లు పోస్తున్నాం.

హోస్ట్: మరి కండల్లో పేరుకుని నొప్పి పుట్టిస్తుందంటారే, ఆ లాక్టిక్ యాసిడ్ పోవద్దూ?

ఫిజియో: అబ్బ, మళ్లీ అదే మాట! అది గంటా గంటన్నరలో దానంతటదే పోతుంది. రెండోరోజు తొడలు పట్టేసేది కండలో పడ్డ సన్నసన్న గాయాల వల్ల.

హోస్ట్: ఫుట్‌బాల్ ఆడిన మర్నాడు మా అపార్ట్‌మెంట్ మెట్లు వెనక్కి తిరిగి దిగాన్లే.

ఫిజియో: (నవ్వు) లిఫ్ట్ లేదా?

హోస్ట్: కరెంటు పోయింది. సరే, తిండి సంగతి?

ఫిజియో: ఒకేరోజు రెండు రేసులుంటే మొదటి నాలుగు గంటలూ గంటకి, ఒంటి బరువులో కిలోకి గ్రాము పైనే పిండిపదార్థం పడాలి. అన్నం, అరటిపళ్లు, ఏదైనా సరే. ప్రాక్టీసుకి ముందూ వెనకా బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే లీటరున్నర దాకా తాగాలి, ఉప్పేసిన మజ్జిగైనా పర్లేదు. కానీ వీటన్నిటికంటే నేను పోట్లాడేది నిద్ర కోసం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లని కొన్ని వారాలు రాత్రికి పది గంటలు పక్కమీద ఉండమన్నారు. పరుగు వేగం పెరిగింది, ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డులేకుండా బుట్టలోకి వేసే బంతులు, 9 శాతం మెరుగయ్యాయి. పదకొండు మందే, పోల్చడానికి ఇంకో జట్టూ లేదు. అయినా నేను నమ్ముతా.

హోస్ట్: మీవాళ్లు పడుకుంటారా?

ఫిజియో: ఎక్కడ? కాళ్లకి తొడుక్కునే మసాజ్ బూట్లకి వేలు పోశాడు ఒకడు, రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూస్తాడు. తొమ్మిదిన్నరకల్లా ఫోను హాస్టల్ వార్డెన్‌కి ఇప్పించా. మొదటివారం నాతో మాట్లాడలేదు.